పాజిటివ్ అన్న మాట

ఈ సంగతి ఇన్నాళ్ళూ రాయలేదంటే, నాకు రాయడం రాక. వేరే కారణం ఏమీ లేదు. చిన్నప్పుడు బడికి పంపలేదు, పెళ్ళయ్యాక ఆ ఊసే లేదు. బస్సు ఏలూరు వెళుతుందో కైకలూరు వెళుతుందో పక్కవాళ్ళని అడిగి ఎక్కేదాన్ని. నా మనవరాలు అంగన్‌వాడీకి వెళ్ళడం మొదలుపెట్టిన ఏడాది, మా పాస్టరమ్మగారు చర్చి వరండాలో మధ్యాహ్నాలు మాలాంటి ఆడవాళ్ళకి అక్షరాలు చెప్పడం మొదలుపెట్టారు. అలా మనవరాలూ నేనూ ఒకే ఏడాది పలక పట్టాం.

ఎవరి పేరు వాళ్ళకి రాయడం వచ్చాక, ఇంకేం మాట నేర్చుకోవాలనుందని ఆవిడ ఒక్కొక్కరినీ అడిగారు. ఒకావిడ యేసు అంది. ఒకావిడకి ఫోనులో వెతుక్కోవడానికి టీవీ సీరియల్ పేరు కావాలట. నేను పాజిటివ్ అన్నాను. వరండా అంతా నవ్వింది. పాస్టరమ్మగారు కూడా నవ్వబోయి, నా మొహం చూసి ఆపేసి, పలక మీద రాసిచ్చారు. ప కి దీర్ఘం, జ కి గుడి, ట కి గుడి, చివర వ కి పొల్లు. ఆ పొల్లు దగ్గర నా బలపం విరిగింది.

ఆ మాట మా ఊరికి మనుషుల కంటే ముందు రొయ్యలతో వచ్చింది.

మాది ఏలూరు నుంచి కొల్లేటి వైపు దిగితే చిట్టచివరి ఊళ్ళలో ఒకటి. మూడు పక్కలా చెరువులే. చెరువంటే మాకు చేపలదో రొయ్యలదో. తాగడానికి ఉన్నదాన్ని వేరుగా మంచినీళ్ళ చెరువు అంటాం. మా ఆయన ఒక రొయ్యల చెరువుకి కాపలా ఉంటాడు. పట్టుబడి ఉన్నరోజు నేను వెళ్ళి రొయ్యలు ఏరతాను. చెరువు ఎవరిదైతే ఆయన్ని మేం రైతుగారు అంటాం. రొయ్యలు మేత మానేసి గట్టు వారకి చేరుతున్నాయంటే, రైతుగారు నాలుగింటిని సీసాలో వేసి ల్యాబుకి పంపుతారు. నెగిటివ్ అని కబురొస్తే అందరం ఊపిరి పీల్చుకుంటాం. పాజిటివ్ అన్నారంటే ఆ చెరువు పోయినట్టే. దాని చుట్టూ తాడు కడతారు. ఆ చెరువులో దిగిన మనిషిని పక్క చెరువు గట్టు ఎక్కనివ్వరు. గట్టెక్కే చోట టబ్బులో ఊదారంగు మందు నీళ్ళు పెడతారు, కాళ్ళు ముంచకుండా ఎవరూ కదలకూడదు. రొయ్య ఎంత చిన్నదైనా సరే, ఉన్నపళంగా వల వేసి పట్టేస్తారు. దాన్ని ఎమర్జెన్సీ పట్టుబడి అంటారు. తర్వాత నీళ్ళలో బ్లీచింగ్ కలిపేస్తారు. పాజిటివ్ వచ్చి తేరుకున్న చెరువుని మా ఊళ్ళో ఇంతవరకూ ఎవరూ చూడలేదు.

కరోనా వచ్చిన ఏడాది మా వీధిలో చాలా ఇళ్ళలో జ్వరాలొచ్చాయి, తగ్గాయి. కరోనానో, పడిసెమో, ఎవరికీ తెలీదు. ఒక్క ఎదురింట్లో మాత్రం తెలిసింది. ఎదురింటావిడని నేను వదినా అంటాను. చుట్టరికం ఏమీ లేదు, వరస అలా కలుపుకున్నాం. వాళ్ళాయన పడవ మీద చెరువులకి మేత వేసేవాడు. నాకు అన్నయ్య. ఆయనకి ఊపిరి అందకపోతే ఏలూరు పెద్దాసుపత్రికి తీసుకెళ్ళారు. వదినని లోపలికి రానివ్వలేదు. ఆ రోజుల్లో ఎవరినీ రానిచ్చేవారు కాదు. ఆయన పోయిన కబురు ఫోనులో వచ్చింది. మొహం కూడా చూపించలేదు. అప్పటినుంచి వదిన ఆ ఫోను పెట్టెలో పెట్టేసింది. చార్జింగ్ మాత్రం పెడుతూ ఉండేది. మోగితే ఎత్తేది కాదు. మేమంతా గుమ్మం బయట నిలబడి పలకరించేవాళ్ళం. లోపలికి వెళ్ళి కూర్చున్నవాళ్ళు లేరు.

జబ్బు కాస్త నెమ్మదించాక, వానల ముందు, రక్తం సర్వే వచ్చింది. జీపులో వచ్చి, వీధికి కొన్ని ఇళ్ళు ఎంచి, ఇంటికొక మనిషి రక్తం తీశారు. మా మండలం నర్సమ్మగారు కూడా వాళ్ళతో ఉన్నారు. ఒంట్లో యాంటీబాడీలు ఉన్నాయో లేవో చూడ్డానికని చెప్పారు. ట్రాక్టరు తోలే మా వీధి కుర్రాడు అక్కడే నిలబడి ఉన్నాడు.

"ఆంటీ బాడీ అంటన్నారు కదండీ, అంటే ఆడాళ్ళకేనండి. మనకి లేదు పదండహె" అన్నాడు పక్కవాళ్ళతో. అందరూ నవ్వారు. నర్సమ్మగారు కూడా నవ్వి, "నువ్వూ రా బాబూ, అంకుల్ బాడీ కూడా చూస్తాం" అన్నారు. వాడు మళ్ళీ కనబడలేదు.

మా ఇంట్లో నన్ను ఎంచారు. ఎదురింట్లో వదిన ఒక్కతే కాబట్టి వదిననే. వదిన రక్తం ఇవ్వదనుకున్నాను. కానీ తనే ముందొచ్చి చెయ్యి చాపింది. సూది గుచ్చుతుంటే నర్సమ్మగారిని అడిగింది.

"ఏవండీ, ఇది చూస్తే ఎవర్నుంచి ఎవరికొచ్చిందో తెలుస్తాదాండీ?"

నర్సమ్మగారు వేరే సీసాకి చీటీ అంటిస్తున్నారు. సరిగా విన్నారో లేదో. "రిపోర్టు వస్తే తెలుస్తుందమ్మా" అన్నారు. ఆ మాట పట్టుకుని వదిన కూర్చుంది. ఆ తర్వాత వీధిలో నేను కనబడితే చాలు, "రిపోర్టు వచ్చిందా?" అనేది.

రిపోర్టు వానల్లో వచ్చింది.

అప్పటికి మా అమ్మాయి పురిటికి వచ్చి ఉంది. అమ్మాయిని ఇచ్చింది తాడేపల్లిగూడెం. అల్లుడు అక్కడి ఉల్లిపాయల మార్కెట్లో లారీల నుంచి బస్తాలు దింపుతాడు. నెలలు నిండాయి, ఇవాళో రేపో అన్నట్టుంది. రెండు రోజుల్లో ఏలూరు తీసుకెళ్ళి ఆసుపత్రి దగ్గర్లో ఉంచుదామనుకుంటుండగా వాన పట్టుకుంది. కొల్లేరు ఉబ్బి మా ఊరి రోడ్డెక్కింది. ఆటోలు ఆగిపోయాయి. ట్రాక్టరు ఒక్కటే నీళ్ళలో తిరుగుతోంది. మా ఆయన గట్టు తెగకుండా చూసుకోవడానికి చెరువు మీదే ఉన్నాడు.

ఆ పొద్దున నేను వీధి కుళాయి దగ్గర బిందె పట్టుకుంటున్నాను. అమ్మాయి ఫోను తీసుకుని గుమ్మంలోకి వచ్చింది. లోపల సిగ్నల్ ఉండదు. నర్సమ్మగారి గొంతు. నాకు వినిపించాలని అమ్మాయి స్పీకరు పెట్టింది. కుళాయి దగ్గర ఉన్న ఆడవాళ్ళందరూ విన్నారు.

"అమ్మా, మీకు పాజిటివ్ అమ్మా... కంగారు..."

అంతే. లైను తెగింది. మళ్ళీ చేస్తే కలవలేదు.

నా వెనక బిందె నింపుకుంటున్న ఆవిడ సగం బిందె అలాగే ఎత్తుకుని వెళ్ళిపోయింది. మిగతావాళ్ళు కూడా ఒకరి వెనక ఒకరు వెళ్ళిపోయారు. కుళాయి కారుతూనే ఉంది. కట్టేద్దామని చెయ్యి చాపి, ఆగిపోయాను. నేను ముట్టుకుంటే రేపు ఈ కుళాయి ఎవరైనా ముడతారా అనిపించింది.

మధ్యాహ్నం లోపల మా ఇంటి ముందు తాడు కట్టారు. చెరువుల మీద పిట్టల్ని బెదరగొట్టడానికి కట్టే తళతళలాడే రిబ్బన్లున్న తాడే. ఒక కొస మా గేటు గుంజకి, ఒక కొస వదిన వాళ్ళ మునగచెట్టుకి. ఎవరు కట్టారో చూడలేదు. తాడు దగ్గర టబ్బు, టబ్బులో ఊదారంగు నీళ్ళు. ఇంతలో మా ఆయన ఫోను చేశాడు. గొంతు తగ్గించి మాట్లాడాడు.

"రైతుగారికి తెలిసిపోయింది. గట్టు దిగొద్దంటన్నారు. దిగితే మళ్ళీ ఎక్కనివ్వరంట. నువ్వెలా ఉన్నావే? జ్వరం ఉందా?"

"నాకేం లేదు. దుక్కలా ఉన్నాను."

"రొయ్య కూడా అలాగే ఉంటది కదే మొదట్లో" అన్నాడు. తర్వాత ఆ మాట అన్నందుకు తనే భయపడి, "ప్రార్థన చేసుకో" అని పెట్టేశాడు.

మా అమ్మాయి పదో తరగతి చదివింది. "అమ్మా, ఇది జబ్బు పరీక్ష కాదే, వేరే పరీక్ష అన్నారు కదా" అంది. కానీ దానికీ పూర్తిగా తెలీదు. దాని భయం దానిది. "మనింట్లో పాజిటివ్ అంటే నన్ను ఆసుపత్రిలో చేర్చుకోరేమో" అంది. నేను దాని పక్కన కూర్చోవాలా, దూరంగా కూర్చోవాలా తెలీక గుమ్మంలో నిలబడ్డాను. నా బిడ్డకి నేను వండిన అన్నం పెట్టొచ్చో లేదో నాకు తెలీదు. మజ్జిగ కలిపి గిన్నె కింద పెట్టి వెనక్కి జరిగాను. అది ఆ గిన్నె వంక చూసి ఏడ్చింది. తిన్లేదు.

అన్నం తిననందుకు కడుపులో నొప్పి అనుకున్నాం. కాదు. నొప్పి వచ్చి, ఆగి, మళ్ళీ వచ్చింది. మూడోసారికి అది మంచం కోడు పట్టుకుంది. ఇంక దూరం, దగ్గర చూడలేదు నేను. వెళ్ళి పట్టుకున్నాను.

అమ్మాయే పళ్ళు బిగించుకుని 108కి ఫోను చేసింది. నీళ్ళలోకి బండి రాదు, పెద్ద రోడ్డు మీద వంతెన దగ్గర ఆగుతుంది, అక్కడిదాకా తీసుకురండి అన్నారు. వంతెన అంటే మామూలు రోజుల్లో నడిచి వెళ్ళేదే. ఇప్పుడు మధ్యలో అంతా నీళ్ళు.

ఆ వెంటనే నర్సమ్మగారు కలిశారు. ఆవిడ పొద్దున్నుంచీ చేస్తున్నారట. అమ్మాయికి నొప్పులని, 108 వంతెన దగ్గరికి వస్తుందని చెప్పాను.

"కంగారు పడకండి అన్నానమ్మా, మీకు అంతదాకా వినబడలేదు. మీకు జబ్బు లేదు. ఎప్పుడో వచ్చింది, మీకు తెలియకుండానే పోయింది. వచ్చి పోయిందని రక్తంలో గుర్తు ఉంది, అంతే. అమ్మాయిని నిశ్చింతగా పట్టుకోండి. ఆసుపత్రివాళ్ళతో నేను మాట్లాడతాను."

"మరి ఎవర్నుంచి వచ్చిందో తెలుస్తుందాండి?" అన్నాను. అది వదిన ప్రశ్న. నా నోట్లోంచి ఎందుకొచ్చిందో.

"అది తెలీదమ్మా. ఎప్పుడొచ్చిందో కూడా తెలీదు. రక్తం అవి చెప్పదు. మీ వీధిలో చాలామందికి అంతే వచ్చింది. మీ ఎదురింటావిడకి కూడా పాజిటివే. ఆవిడ ఫోను ఎత్తట్లేదు, కాస్త మీరు చెప్పండి."

లైను మళ్ళీ తెగింది. అమ్మాయి అరుస్తోంది. ఎదురింటి కబురు నా చేతిలో పెట్టి ఆవిడ వెళ్ళిపోయారు.

ట్రాక్టరు కుర్రాడు వీధి చివర బండి మీదే కూర్చుని ఉన్నాడు. తాడు ఇవతల నుంచే కేకేశాను.

"బాబూ, అమ్మాయికి నొప్పులు. వంతెన దాకా దింపు నాయనా."

"పిన్నీ, మీది ఎమర్జెన్సీ పట్టుబడా?" అన్నాడు. వాడికి నవ్వు అలవాటు. నేను నవ్వలేదని చూసి మొహం తిప్పుకున్నాడు.

"నాకు జబ్బు లేదంట బాబూ. ఎప్పుడో వచ్చి పోయిందంట. నర్సమ్మగారు చెప్పారు."

"పాజిటివ్ వచ్చాక పోడమేంటి పిన్నీ? ఏ చెరువుకి పోయింది చెప్పు? మా ఇంట్లో చంటిది ఉంది. నన్నడక్కు." బండి స్టార్టు చేసి వెళ్ళిపోయాడు. వాణ్ణి తప్పు పట్టలేను. పొద్దుటిదాకా నేనూ అలాగే అనుకున్నాను.

ఇంక మిగిలింది అన్నయ్య మేత పడవ. అది వదిన పెరటి వెనక, డ్రెయిను కాలవ గట్టు మీద బోర్లించి ఉంది. ఆయన పోయాక దాన్ని ఎవరూ తీయలేదు.

నేను టబ్బులో కాళ్ళు ముంచాను. ఎందుకు ముంచానో ఇప్పటికీ తెలీదు. అలవాటు. తాడు కింద నుంచి వంగి వెళ్ళాను. పాదాలు ఊదారంగు తిరిగాయి. వదిన చూరు కింద కూర్చుని చిరిగిన మేత సంచి కుడుతోంది. నన్ను చూసి సూది ఆపింది.

"తాడు దాటొచ్చావేంటే?"

"అమ్మాయికి నొప్పులొచ్చాయి వదినా. 108 వంతెన దగ్గరికి వస్తదంట. పడవ కావాలి. గెడ వెయ్యడం నాకు రాదు, నువ్వే రావాలి."

వదిన లేవలేదు. "రిపోర్టు వచ్చిందంట కదా."

"వచ్చింది."

"నీకు పాజిటివ్."

"అవును."

"మీ అన్నయ్య, మా తమ్ముడు చెరువు మీద ఒకే పాకలో పడుకునేవోరు. ఒక క్యారేజీలోనే తినేవోరు. ఒక్కటి చెప్పు. మీ అన్నయ్యకి మీ ఇంట్లోంచే వచ్చిందా?"

మా తమ్ముడు అంటే మా ఆయన. మా ఇంట్లోంచి అమ్మాయి మూలుగు వినిపిస్తోంది. వదినకీ వినిపిస్తోంది. అయినా నా మొహం మీదనుంచి కళ్ళు తీయలేదు.

నా నోట్లో ఆ రెండో కబురు ఉంది. నీకూ పాజిటివే వదినా అంటే చాలు. ఇంక నన్ను అడగడానికి ఆవిడకి మాట ఉండదు. వీధిలోకి వినబడేలా అంటే ఆ తాడు కొస మునగచెట్టు దాటి ఆవిడ ఇంటినీ చుట్టేస్తుంది. కానీ అన్నయ్యకి జ్వరం రావడానికి ముందు మోకాళ్ళ మందుకని ఏలూరు వెళ్ళొచ్చింది వదిన. ఆ సంగతి నాకు గుర్తుంది. చెప్పానంటే ఆవిడకీ గుర్తొస్తుంది. గుర్తొచ్చిన మనిషి ఆ చూరు కిందనుంచి లేస్తుందా? లేవకపోతే నా బిడ్డ ఏమవుతుంది?

లేదు వదినా, మా ఇంట్లోంచి కాదు అని కూడా అనొచ్చు. తేలిగ్గా పోతుంది. అనబోయాను కూడా. ఆవిడ కళ్ళు చూస్తే రాలేదు.

"తెలీదు వదినా" అన్నాను. "రక్తం అది చెప్పదంట. వచ్చి పోయిందని మాత్రం చెబుతుందంట. ఎవర్నుంచి వచ్చిందో, ఎప్పుడొచ్చిందో, చెప్పదంట. నర్సమ్మగారిని అడిగాను."

"ఎప్పటికీ తెలీదా?"

"ఎప్పటికీ తెలీదు."

వదిన సూది సంచికి గుచ్చి పక్కన పెట్టింది. లేచి పెరట్లోకి వెళ్ళింది. వెళ్ళి చూరులో ఉన్న గెడ లాగింది.

ఈ ముక్క మొన్న వదినకి చదివి వినిపించాను. ఇక్కడ ఆపమంది. "తప్పు రాశావు. నువ్వు తాడు దాటుతుండగానే గెడ తీసి గోడకి ఆనించాను. అమ్మాయి కేకలు నాకు వినబళ్ళేదనుకున్నావా?" అంది. నేను చూడలేదు. ఆవిడ చెప్పిందే నిజం అయ్యుంటుంది. నేను చూసింది నేను రాశాను, ఆవిడ చెప్పింది కూడా రాస్తున్నాను.

ఇద్దరం కలిసి పడవ తిరగేశాం. అమ్మాయిని చెరో రెక్కా పట్టుకుని తీసుకొచ్చాం. వదిన దాన్ని పట్టుకునే ముందు ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. పడవ అడుగున మేత సంచులు పరిచి పడుకోబెట్టి, తల నా ఒళ్ళో పెట్టుకున్నాను. వాన సన్నగా పడుతోంది. వదిన చీర పైకి దోపి పడవ చివర నిలబడి గెడ వేసింది.

డ్రెయినులో కొంతదూరం బాగానే వెళ్ళాం. తర్వాత గుర్రపుడెక్క. నీళ్ళు ఉబ్బినప్పుడు ఎక్కడెక్కడి డెక్కా కొట్టుకొచ్చి మలుపులో మేట వేస్తుంది. పడవ దానిలోకి వెళ్ళి ఆగిపోయింది. గెడ వేస్తే దిగబడుతోంది కానీ పడవ కదలదు. అమ్మాయి నా చెయ్యి కొరికేసింది. "అమ్మా, వచ్చేస్తంది, వచ్చేస్తంది" అంటోంది.

"రాకూడదు. ఊపిరి పీల్చు. బిగబట్టకు" అంది వదిన. గెడ పడవలో పడేసి నీళ్ళలోకి దిగింది. ఛాతీ దాకా వచ్చాయి నీళ్ళు. రెండు చేతులతో డెక్క చీల్చి పక్కకి తోస్తూ, పడవ ముక్కు పట్టుకుని లాగింది. డెక్కలోంచి నీటిపాము ఒకటి జారి వెళ్ళింది. వదిన దాని వంక చూడను కూడా చూడలేదు.

అప్పుడు ఫోను మోగింది. ఒక చేత్తో అమ్మాయిని పట్టుకుని ఒక చేత్తో తీశాను. చేయి తడికి ఎక్కడ నొక్కానో, స్పీకరు పడింది. నర్సమ్మగారి గొంతు.

"ఎక్కడున్నారమ్మా? బండి వచ్చేసింది. మీ ఎదురింటావిడకి ఆ విషయం చెప్పారా?"

"తర్వాత మాట్లాడతానండి" అని కట్టేశాను.

వదిన డెక్కలో నిలబడి నా వంక చూసింది. వాన నీళ్ళు కనుబొమల మీంచి కారుతున్నాయి. "ఏ విషయం?" అంది.

"ముందు లాగు వదినా. తర్వాత చెబుతాను."

ఏమనుకుందో తెలీదు. లాగింది.

వంతెన కింద పడవ ఆగేసరికి 108 అబ్బాయి గట్టు దిగి వచ్చాడు. వదిన పడవని వంతెన స్తంభానికి కట్టేసి తనూ బండి ఎక్కింది. తడిసి ముద్దైన మనిషిని ఎవరూ ఏమీ అనలేదు. దారంతా అమ్మాయి పాదాలు రుద్దుతూ కూర్చుంది. నేను తన వంక చూడకుండా కిటికీ వంక చూశాను. నాకు రెండు భయాలు. ఒకటి ఒళ్ళో ఉంది. ఒకటి ఎదురుగా కూర్చుంది.

ఆసుపత్రి గేటు దగ్గర వదిన దిగిపోయింది. "మీరెళ్ళండి" అంది. ఆ గేటులోంచి లోపలికి వెళ్ళిన మనిషి ఆవిడకి మళ్ళీ కనబడలేదు. నేను రమ్మనలేదు. ఎదురుగా టీ కొట్టు పట్టా కింద బల్ల మీద కూర్చుంది.

నర్సమ్మగారు ముందే చెప్పి ఉంచారు. మమ్మల్ని ఆపలేదు. అమ్మాయికి ఏదో పరీక్ష చేశారు, లోపలికి తీసుకెళ్ళారు. నేను గోడకి ఆనుకుని నిలబడ్డాను. దీపాలు పెట్టే వేళకి ఆడపిల్ల పుట్టింది. ఏడుపు తలుపు ఇవతలికి వినబడింది. అప్పుడు కింద కూర్చుండిపోయాను. నా పాదాలు ఇంకా ఊదారంగులోనే ఉన్నాయి.

బయటికి పరిగెత్తి వదినకి చెప్పాను.

"తల్లీ పిల్లా ఇద్దరూ బాగున్నారా?"

"బాగున్నారు వదినా."

"మళ్ళీ చెప్పు" అంది. మళ్ళీ చెప్పాను. కొంగుతో మొహం తుడుచుకుంది. ఆ విషయం ఏంటని అడగలేదు. అల్లుడికి ఫోను చేశావా అని మాత్రం అడిగింది.

మర్నాడు తెల్లారేసరికి అల్లుడు తాడేపల్లిగూడెం నుంచి మొదటి రైలుకి వచ్చేశాడు. చొక్కా అంతా ఉల్లిపాయ వాసన. పిల్లని వాడికి చూపించి, పాత బట్టలు తీసుకురావడానికి నేను ఊరు బయల్దేరాను. వదిన కూడా వచ్చింది. వంతెన దగ్గర పడవ అలాగే ఉంది. వాన ఆగింది. వదిన పెరటి దగ్గర పడవ ఆపి, గెడ గుచ్చి, దిగకుండా నిలబడింది.

"ఇప్పుడు చెప్పు."

"నీకూ పాజిటివే వదినా."

వదిన గెడ రెండు చేతులతో పట్టుకుంది. "అంటే నాకూ వచ్చి పోయింది" అంది.

"అవును."

"నాకొచ్చింది ఊరికే పోయింది. ఆయనకొచ్చింది ఆయన్ని తీసుకుపోయింది."

వదిన వంతెన వైపు తిరిగి చూసింది.

"ఏలూరు వెళ్ళొచ్చాను నేను. మందుకి. గుర్తుందా? నేనే తెచ్చానేమో."

"నువ్వు తెచ్చావేమో. మా ఆయన తెచ్చాడేమో. నేనే తెచ్చానేమో. నిన్న అడిగావుగా వదినా. నిన్న చెప్పిందే ఇవాళా చెబుతున్నాను. తెలీదు. ఎప్పటికీ తెలీదు."

"నిన్న పడవ అడిగేటప్పుడే తెలుసా నీకు, నా సంగతి?"

"తెలుసు."

"చెబితే పడవ ఇవ్వననుకున్నావా?"

"చెబితే నువ్వు గెడ వెయ్యలేవనుకున్నాను."

వదిన నా వంక చూసింది. కోపమో ఏమో ఆ చూపులో నాకు అంతు పట్టలేదు. పడవ దిగి, పెరటి మెట్టు మీద కూర్చుని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అన్నయ్య పోయినప్పుడు కూడా నేను ఆవిడ ఏడుపు దగ్గరనుంచి చూడలేదు. తాడుకి అటుపక్క ఇద్దరు ఆడవాళ్ళు బిందెలతో ఆగి మమ్మల్ని చూస్తున్నారు.

నేను వదినని దాటుకుని ఆ ఇంట్లోకి వెళ్ళాను. అన్నయ్య పోయాక ఆ ఇంట్లో బయటి మనిషి మంచినీళ్ళు తాగలేదు. గ్యాసు పొయ్యి మీద దుమ్ము ఉంటే కొంగుతో తుడిచాను. టీ పొడి ఏ డబ్బాలో ఉందో తెలీక మూడు మూతలు తీసి చూశాను. పాలు లేవు. నల్ల టీ పెట్టి, బెల్లం ముక్క వేసి, రెండు గ్లాసుల్లో పోసి తెచ్చాను. ఒకటి వదిన పక్కన పెట్టాను. రెండోది అందరూ చూస్తుండగా ఆ మెట్టు మీదే కూర్చుని తాగాను.